ప్రూయిట్ కోచ్ సందులోకి దిగిన రోజు

వెర్లిన్ ప్రూయిట్ మైదానం గట్టు మీద కుప్పకూలిన రోజున డన్‌మోర్ కాలేజీ మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. ఊరు బాగా గుర్తుపెట్టుకున్నది ఆ రెండో సంగతినే.

సీజన్‌లో అది మొదటి మ్యాచ్. సెప్టెంబరు ఎండ అలబామా కొండల మధ్య మూకుట్లో నూనెలా కాగుతోంది. ఆట ముగియబోతోంది, బంతి డన్‌మోర్ చేతిలో ఉంది. కోచ్ ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. మాట రాలేదు. మోకాళ్ళ మీద పడి, ఆ తరువాత మొహం మీద పడ్డాడు. మైదానంలో కుర్రాళ్ళు అటే చూస్తూ కొయ్యబారిపోయారు, బంతి ఆడాల్సిన గడువు దాటిపోయింది, రిఫరీ జరిమానా వేశాడు. ఆ కంగారులో కొట్టిన చివరి కిక్కు గురి తప్పింది.

"పడితే పడ్డాడు గానీ, ఇంకో నిమిషం ఆగి పడకూడదూ?" అన్నాడు మంగలి షాపులో ఒకాయన, ఆ సోమవారం.

"గుండెపోటుకి గడియారం తెలుస్తుందా ఏంటి?"

"కోచ్ గుండె కదా, తెలిసుండాలి."

షాపంతా నవ్వింది. అప్పటికి వెర్లిన్ బర్మింగ్‌హామ్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఛాతీ నిలువునా కోసి, కాలిలోంచి తీసిన రక్తనాళాలు గుండెకి కుట్టి, రెండుగా చీల్చిన ఎముకని తీగలతో కలిపి బిగించారు.

అతనికి అప్పుడు యాభై ఒకటి. ఆ ఊరి బట్టల మిల్లు పాకల్లో పుట్టాడు. తండ్రి దూది పొడి పీల్చి పీల్చి దగ్గుతూనే పోయాడు. వెర్లిన్ ఆ మిల్లు గేటు దాటి బయటపడింది ఫుట్‌బాల్ వల్లే, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. ఇదే కాలేజీకి లైన్‌లో ఆడాడు. లైన్‌లో ఆడేవాళ్ళు బంతిని ముట్టుకోరు. ఎదుటివాడి ఒంటి మీద పడి వాడిని వెనక్కి నెట్టడమే వాళ్ళ పని. పధ్నాలుగేళ్ళుగా కోచ్. నెల్డాని చేసుకున్నాడు, పిల్లలు లేరు. ఊళ్ళో ఎవరూ అతన్ని పేరు పెట్టి పిలవరు, నెల్డా, ఆర్లీ స్టబ్‌ఫీల్డ్ అనే పెద్దమనిషి తప్ప. చర్చిలో పాస్టరు కూడా కోచ్ అనే అంటాడు.

అక్టోబరు సగంలో తిరిగొచ్చాడు. డాక్టరు ఒక్క షరతు పెట్టాడు: గట్టు మీద నిలబడకూడదు, అరవకూడదు, స్టాండ్ల పైనున్న గాజుగదిలో కూర్చుని టెలిఫోన్‌లో చెప్పుకోవాలి. కింద అతని స్థానంలో డెల్ హార్గిస్ నిలబడ్డాడు. సహాయక కోచ్, ముప్ఫై రెండేళ్ళవాడు, మంచి కంఠం. తెర మీద బొమ్మలా ఉంటాడని ఆడవాళ్ళు అనుకునేవారు.

ఆ గదిలో కూర్చున్న మొదటి శనివారం ఓడిపోయారు. రెండో శనివారం కూడా. ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరబోతే ఇంటి ముందు గడ్డిలో 'ఇల్లు అమ్మబడును' అనే బోర్డు గుచ్చి ఉంది. ఓడిన కోచ్‌ని ఊరు వదిలి పొమ్మని చెప్పే పద్ధతి అది. డన్‌మోర్‌లో కోచ్ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఆ బోర్డు చూడక తప్పదు. అతని ముందున్న కోచ్‌కి ఒకే వారంలో గడ్డి కనపడనన్ని గుచ్చారు. కానీ ఈసారి బోర్డు మెడలో ఒక దండ వేసి ఉంది. సమాధుల మీద పెట్టే గుండ్రటి పూలదండ, కాలేజీ రంగుల రిబ్బన్ చుట్టి.

నెల్డా చర్చి గౌనులోనే గడ్డిలోకి దిగి బోర్డు పీకింది. దండ మాత్రం చేతిలో పట్టుకుని చూసింది.

"మంచి పూలే. పాపం, ఖర్చుపెట్టారు," అంది.

"పారెయ్."

"వదిలెయ్యరాదూ వెర్లిన్? మా అక్క వాళ్ళ ఊళ్ళో స్కూలు ఉంది, లెక్కలు చెప్పుకోవచ్చు. అక్కడ ఎవరికీ నీ గుండెతో పని లేదు."

"లెక్కలు చెప్పుకునేవాణ్ణి నువ్వు చేసుకోలేదుగా."

"నేను చేసుకున్నది బతికున్నవాణ్ణి," అంది నెల్డా. దండ తీసుకెళ్ళి చెత్తడబ్బాలో కుక్కింది.

గురువారం సాయంత్రాలు ఇంకో తంతు ఉండేది. ఊరి చివర వేయించిన చేపల హోటల్లో, మధ్య టేబుల్ మీద మైకు పెట్టుకుని కోచ్ కూర్చోవాలి. ఊరి రేడియోలో మాట్లాడే ఫ్లాయిడ్ పక్కన ఉంటాడు. ఎవరైనా ఫోన్ చేసి ఏదైనా అడగొచ్చు, కోచ్ జవాబు చెప్పాలి. చుట్టూ జనం చేపలు తింటూ వింటారు. ఓడిన వారాల్లో హోటల్ కిక్కిరిసేది.

"కోచ్‌గారూ, మీ వీరాభిమానిని," అంది ఒక గొంతు. "ఒకటే సందేహం. ఆ గాజుగదిలోకి మెట్లు ఎలా ఎక్కుతున్నారు? ఎవరైనా చెయ్యి పట్టుకుంటున్నారా, బుట్టలో కూచోబెట్టి లాగుతున్నారా?"

"బుట్టలోనే బాబూ. మీ ఆవిడే లాగుతోంది. మంచి బలం ఉంది ఆవిడకి."

హోటల్ ఘొల్లుమంది. వెర్లిన్ కూడా నవ్వాడు. నవ్వితే ఛాతీలో తీగలు గుచ్చుకుంటాయి.

తరువాత ఒక పెద్దావిడ. "నేను మీకోసం రోజూ ప్రార్థన చేస్తున్నా నాయనా."

"చాలా థాంక్స్ అమ్మా."

"ఆ దేవుడు మిమ్మల్ని చల్లగా ఇంటికి తీసుకెళ్ళి వసారాలో కూచోబెట్టాలని. ఆ హార్గిస్ పిల్లాడి చేతికి జట్టు ఇప్పించాలని."

"ఆమెన్ అనండి కోచ్," అన్నాడు ఎవరో వెనక టేబుల్ నుంచి.

చివరగా ఒక ముసలి రైతు. నెమ్మదిగా, తీరిగ్గా మాట్లాడాడు. "కోచ్‌గారూ, నాదో ఆంబోతు ఉండేది. దానికీ ఇలాగే గుండె పోయింది. బలే ఆంబోతు అది. పశువుల డాక్టరొచ్చి దీన్ని పాకలోనే కట్టెయ్యి, మంద దగ్గరికి వదలకు అన్నాడు."

"మరి కట్టేశారా?" అన్నాడు ఫ్లాయిడ్.

"పాకలో ఆంబోతు నాకెందుకయ్యా? అమ్మేశాను."

ఈసారి నవ్వు చాలాసేపు ఆగలేదు. ఫోర్కులతో టేబుళ్ళు కొట్టారు. నెల్డా మొదటి టేబుల్ దగ్గర వాళ్ళాయన ప్లేటులో చేపముల్లు తీస్తూ కూర్చుంది, తల ఎత్తలేదు.

బయట కార్ల దగ్గర ఆర్లీ స్టబ్‌ఫీల్డ్ కాచుకుని ఉన్నాడు. ట్రాక్టర్ల వ్యాపారి. జట్టుకి అండగా నిలిచే పెద్దమనుషుల సంఘానికి పెద్ద. కాలేజీ ప్రెసిడెంటు ఆయన మాట దాటడు. ఉడకబెట్టిన పల్లీలు ఒలుచుకుని తింటూ తొక్కలు వెర్లిన్ బూట్ల దగ్గర పడేస్తున్నాడు.

"నీ మీద నాకేం కోపం లేదోయ్ వెర్లిన్."

"ఉంటే బావుండేది ఆర్లీ. కోపం తగ్గుతుంది."

"గాజు వెనకాల తొట్టిలో చేపలా కూచుంటున్నావ్. కుర్రాళ్ళు నీ మొహం చూడట్లేదు, హార్గిస్ మొహం చూస్తున్నారు. హార్లన్‌డేల్‌తో ఆఖరి మ్యాచ్ అయ్యాక ఆదివారం మేం కూర్చుంటున్నాం. నువ్వా, వాడా, అక్కడే తేలిపోద్ది."

"హార్లన్‌డేల్‌ని కొడితే?"

"గెలుపోటముల గోల కాదోయ్. ఇంకో ఊళ్ళో ఏ తండ్రో కొడుకుని మనకి పంపేముందు అడుగుతాడు, మీ కోచ్ గట్టోడేనా అని. నేనేం చెప్పను? గట్టోడే, ఊపిరి ఆడినన్నాళ్ళు అని చెప్పనా?" ఆర్లీ పల్లీల పొట్లం చాపాడు. "తిను. ఉప్పు లేదులే."

ఉప్పు ఉంది. వెర్లిన్ తిన్నాడు.

ఆఖరి మ్యాచ్ వారంలో మంగళవారం, ప్రాక్టీసు. మైదానం కంచె పొడుగునా పికప్ ట్రక్కులు బారులు తీరాయి. పనులు మానుకుని ప్రాక్టీసు చూడ్డం డన్‌మోర్ మగవాళ్ళకి అలవాటు. ట్రక్కు తొట్లలో కూర్చుని, కాఫీ ఫ్లాస్కులు పక్కన పెట్టుకుని, ఎవడు ఎలా కొడుతున్నాడో చర్చించుకుంటారు.

ఆ మైదానంలో ఒక పద్ధతి ఉంది. గడ్డి మీద ఇసుక మూటలు రెండు వరసలుగా పేర్చి మధ్యలో మనిషి పట్టేంత సందు వదులుతారు. ఇద్దరు చెరో చివర నిలబడతారు. ఈల వేస్తే పరిగెత్తుకొచ్చి గుద్దుకుంటారు. తప్పుకోడానికి చోటుండదు, నిలబడినవాడు గెలిచినట్టు. ఏటా ఆగస్టులో మొదటి ప్రాక్టీసు నాడు ఆ సందులోకి ముందు దిగేది కోచే. హెల్మెట్ లేకుండా, భుజాలకి ఏ తొడుగూ లేకుండా నిలబడి, కొత్తగా వచ్చినవాళ్ళలో ఒకణ్ణి పిలిచి, వచ్చి కొట్టమంటాడు. దెబ్బ తిని నిలబడతాడు. రెండుసార్లు ముక్కు విరిగింది, ఒకసారి మెడ దగ్గరి ఎముక. ఆ నెత్తుటి మొహంతోనే జట్టుకి స్వాగతం చెప్పేవాడు. ఇదేం పద్ధతని డన్‌మోర్‌లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఆ మంగళవారం వెర్లిన్ పై గదిలోంచి దిగి, మైదానం దాటుకుంటూ వచ్చి, ఆ సందులో నిలబడ్డాడు. కోటు విప్పి గడ్డి మీద పడేశాడు.

హార్గిస్ పరిగెత్తుకొచ్చాడు. "కోచ్, ఇది ఆగస్టు కాదు."

"నాకు నెలలు నేర్పకు."

"డాక్టరు ఏమన్నాడో మర్చిపోయారా?"

"ఆయనొస్తే ఆయన్ని కూడా దింపుదాం. హాకబీ! ఇలా రా."

డ్వెయిన్ హాకబీ జట్టులో అందరికంటే పెద్ద ఒళ్ళున్నవాడు. కోత మిల్లులో దుంగలు ఎత్తే ఆర్వల్ హాకబీ కొడుకు. చిన్నవాణ్ణి పిలిస్తే కంచె అవతల నవ్వుతారు, అందుకే వీణ్ణి పిలిచానని వెర్లిన్ తనకి తాను చెప్పుకున్నాడు. అది సగమే నిజం. సెప్టెంబరులో పడిపోయినప్పుడు మొదట పరిగెత్తుకొచ్చి చంకల కింద చేతులేసి లేపింది డ్వెయినే. అప్పటికి వెర్లిన్ ప్యాంటు తడిసిపోయింది. స్పృహ సగం ఉంది, కుర్రాడు అది చూడ్డం తెలిసింది. నడుముకి కట్టుకున్న తువ్వాలు లాగి పైన కప్పి, స్టాండ్ల వైపు వీపు పెట్టి అడ్డంగా నిలబడ్డాడు డ్వెయిన్. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఊరంతా తెలిసేది, గురువారం ఎవడో ఒకడు ఫోన్ చేసి అడిగేవాడు. వాడు చెప్పలేదు కాబట్టి, రోజూ వాడి మొహంలో వెర్లిన్‌కి అదే కనపడేది.

"పరిగెత్తుకొచ్చి కొట్టు," అన్నాడు.

"వద్దు సార్."

"భయమా?"

"అవును సార్."

కంచె దగ్గర నవ్వులు. "కొట్రా అబ్బాయ్! మేం చావుకి వేసుకునే నల్లసూట్లు ఇస్త్రీ చేయించుకుని రెడీగా ఉన్నాం!"

"నీ స్థానంలో ఇంకోణ్ణి ఆడించమంటావా శనివారం?" అన్నాడు వెర్లిన్.

డ్వెయిన్ హెల్మెట్ పట్టీ బిగించాడు. హార్గిస్ ఈల వేయలేదు. వెర్లిన్ తానే నోట్లో వేళ్ళు పెట్టి వేశాడు. కుర్రాడు కదిలాడు. మొదటి అడుగులకి నేల అదిరింది. వెర్లిన్ మోకాళ్ళు వంచి, చేతులు ముందుకు చాపి, పళ్ళు బిగబట్టాడు. ఛాతీలో తీగలు తెగితే తెగనీ అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

రెండడుగుల దూరంలో డ్వెయిన్ వేగం చంపుకున్నాడు. వచ్చి, ఆగి, కోచ్ భుజాల మీద రెండు చేతులూ మెత్తగా వేశాడు. చెవి దగ్గర నోరు పెట్టి, ఎవరికీ వినపడకుండా అన్నాడు, "చాలు సార్. మీరు నిలబడ్డారు. అందరూ చూశారు."

మైదానంలో కుర్రాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తరువాత ట్రక్కుల్లోంచి ఒకడు కేక పెట్టాడు. "డ్యాన్స్ చేస్తున్నార్రోయ్! రేడియో పెట్టండెవరైనా!"

నవ్వు కంచె ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. జట్టులో కూడా ఒకరిద్దరు తలలు దించుకుని నవ్వారు. ఆర్లీ స్టబ్‌ఫీల్డ్ నవ్వలేదు. టోపీ తీసి తల గోక్కుని, ట్రక్కు తాళాల కోసం జేబు తడుముకున్నాడు.

వెర్లిన్ ఆ చేతుల్ని భుజాల మీంచి తోసేశాడు. మూటల వరస దాటి బయటికొచ్చాడు.

"హాకబీ, నువ్వు లోపలే ఉండు."

"సార్?"

"హెల్మెట్ తియ్యి. భుజాలకున్నవి కూడా. నేను ఎలా నిలబడ్డానో అలా నిలబడు." అతను మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "వరసలో రండి. ఒక్కొక్కరే. ఎవడు ఆగితే వాడు వీడి పక్కన నిలబడతాడు."

మొదటివాడు డ్వెయిన్‌తో ఒకే గదిలో ఉండేవాడు. చూసీచూడనట్టు తగిలాడు. "మళ్ళీ," అన్నాడు వెర్లిన్. ఈసారి గట్టిగా తగిలాడు. రెండోవాడు, మూడోవాడు. డ్వెయిన్ నిలబడ్డాడు. నాలుగోవాడికి పెదవి చిట్లింది. వీపు మీద పడ్డాడు, లేచాడు.

"మళ్ళీ."

"ఎస్ సార్," అన్నాడు డ్వెయిన్. ప్రతిసారీ అదే మాట. దాన్లో పౌరుషం లేదు, ఏడుపు లేదు. వెర్లిన్‌కి అదే మండించింది. వాడు తిడితే ఆపేసేవాడేమో.

హార్గిస్ దగ్గరికొచ్చాడు. "కోచ్, శనివారం వీడు లేకపోతే మనకి లైనే లేదు."

"నీకూ లోపల నిలబడాలనుందా?"

హార్గిస్ నేల చూశాడు. ఆ తరువాత అతను ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నేల చూస్తూనే మాట్లాడాడు.

కంచె దగ్గర నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి. ట్రక్కుల్లో జనం నిలబడి చూస్తున్నారు. జట్టు సగం అయ్యేసరికి డ్వెయిన్ చేతులు పైకి లేవడం లేదు. పిలిస్తే ఎటు తిరగాలో తెలియనట్టు చూస్తున్నాడు. అప్పుడు వచ్చినవాడు కొత్తవాడు, భయపడిపోయి తల దించుకుని కాళ్ళకి అడ్డంగా పడ్డాడు. మోకాలు పక్కకి తిరగడం అందరికీ కనపడింది. తడి గుడ్డ చింపినట్టు ఒక చప్పుడు.

డ్వెయిన్ అరవలేదు. గడ్డి పట్టుకుని, లేవబోయి, కాలు ఎందుకు రావడం లేదా అని దానివంక చూసుకున్నాడు.

"ఎస్ సార్," అన్నాడు, ఎవరూ ఏమీ అనకపోయినా.

"తీసుకెళ్ళండి," అన్నాడు వెర్లిన్. "తరవాతి ఇద్దరూ సందులోకి."

ప్రాక్టీసు చీకటి పడేదాకా సాగింది. అంత మౌనంగా, అంత కసిగా ఆ జట్టు ఆ ఏడాదిలో ఎప్పుడూ కొట్టుకోలేదు. ట్రక్కులు ఒక్కటీ కదల్లేదు. ఆర్లీ పక్కవాడితో అన్న మాట గాలికి వినిపించింది: "వచ్చేశాడ్రా మన వెర్లిన్."

వెర్లిన్ అప్పుడు తన గుండె సంగతి గమనించాడు. అది ఎంత నిదానంగా, ఎంత బలంగా కొట్టుకుంటోందంటే, ఆపరేషన్ అయ్యాక మొదటిసారి చాలాసేపు దాన్ని మర్చేపోయాడు. ఒంట్లో పాతికేళ్ళవాడి సత్తువ ఉంది. ఆకలేస్తోంది.

ఇంటికెళ్ళేసరికి నెల్డాకి తెలిసిపోయింది. డన్‌మోర్‌లో ఇలాంటివి టెలిఫోన్ కంటే ముందు చేరతాయి.

"ఎవరు? ఆ హాకబీ పిల్లాడా?" అంది.

"ఊఁ."

"ఆ తువ్వాలు నేనే ఉతికి పంపించాను వెర్లిన్."

అతను కుర్చీ లాక్కుని కూర్చుని భోజనం పెట్టమన్నాడు. పెట్టింది.

గురువారం హోటల్లో గుండె మాట ఎవరూ ఎత్తలేదు. హార్లన్‌డేల్ లైన్ గురించి అడిగారు, వాతావరణం గురించి అడిగారు. ముసలి రైతు మళ్ళీ ఫోన్ చేశాడు. "కోచ్‌గారూ, ఆంబోతు సంగతి నేను వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వెర్లిన్ చెయ్యెత్తి కూర్చోమన్నాడు. ఆ సాయంత్రం నెల్డా రాలేదు.

శనివారం అతను గట్టు మీదే నిలబడ్డాడు. డ్వెయిన్ ఉండాల్సిన చోట రెండో ఏడు కుర్రాడొకడు ఉన్నాడు, హార్లన్‌డేల్ వాళ్ళు పొద్దుకూకేదాకా ఆ కన్నంలోంచే వచ్చి కొట్టారు. డన్‌మోర్ చిత్తుగా ఓడిపోయింది. ఎవరూ నోరెత్తలేదు. ఆఖర్న వెర్లిన్ మైదానం దాటి వెళుతుంటే స్టాండ్లలో మగవాళ్ళు టోపీలు తీశారు. ఆదివారం చర్చి మెట్ల మీద ఆర్లీ అతని చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"కూర్చునే పనే పడలేదోయ్. అందరిదీ ఒకటే మాట. ఓపిక ఉన్నన్నాళ్ళు నువ్వే. ఇంకో పని మిగిలింది. ఆ హాకబీ చోటు ఖాళీ చేయించాలి. వసంతంలోగా మంచి లైన్ కుర్రాణ్ణి పట్టాలి కదా."

కాలేజీలో డ్వెయిన్ చదువూ తిండీ ఆట మీదే నడుస్తున్నాయి. ఆడలేనివాడికి ఆ చోటు మళ్ళీ ఇవ్వాలా వద్దా అన్నది ఏటేటా కోచ్ చేతిలోనే ఉంటుంది. వెర్లిన్ ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి వెళ్ళాడు. ఇలాంటివి ఇంకొకరి చేత చెప్పించే మనిషి కాదని అతని గురించి ఊళ్ళో మంచిగా చెప్పుకునేవారు.

డ్వెయిన్ కాలు తుంటి దాకా కట్టులో ఉంది. మంచం పక్కన ఆర్వల్ హాకబీ లేచి నిలబడి, టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. చేతికి రెండు వేళ్ళు లేవు, ఎప్పుడో మిల్లులో పోయాయి.

"మీరే స్వయంగా వచ్చారా కోచ్‌గారూ."

"ఎలా ఉందోయ్ డ్వెయిన్?"

"బానే ఉంది సార్. సార్, నేను ఆగకుండా ఉండాల్సింది."

"అవును," అన్నాడు వెర్లిన్.

"వచ్చే ఏడు..."

"వచ్చే ఏడు నీ చోటు ఇంకొకరికి ఇస్తున్నాం. డాక్టరుతో మాట్లాడాను. ఆ కాలు మెట్లెక్కడానికి పనికొస్తుంది. మా పనికి రాదు."

కుర్రాడు కిటికీ వైపు చూశాడు. బయట చూడ్డానికి ఏమీ లేదు, ఇటుక గోడ. ఆర్వల్ టోపీ అంచు తిప్పుతూ కాసేపు ఆలోచించాడు. వెర్లిన్ ఎదురు చూశాడు. ఈ మనిషి తనని కొడితే బావుండునని ఒక క్షణం అతనికి అనిపించిన మాట నిజం. కొట్టగల మనిషే.

"మీరు చెయ్యాల్సిందే చేశారు కోచ్‌గారూ," అన్నాడు ఆర్వల్. "మావాడికి చిన్నప్పట్నుంచీ ఇదే జబ్బు. మెత్తన. కుక్కపిల్లని ముంచి రమ్మంటే చొక్కాలో దాచి తెచ్చాడొకసారి. నేను చెయ్యలేని పని మీరు చేశారు. సోమవారం నుంచి మిల్లులో కూచుని చేసే పనేదైనా ఉందేమో కనుక్కుంటాను." వంగి మంచం కింద నుంచి గుడ్డ కప్పిన పళ్ళెం తీశాడు. "మా ఇంటిది మీకోసం చేసింది. పీకాన్ పప్పులేసి కాల్చిన తియ్యటి పై. మీరు వస్తారని కాదు, ఎలాగూ మీ ఇంటికి పంపుదామనే. ఇంత జబ్బు చేసి లేచారు కదా."

ఇంటికొచ్చి ఆ పళ్ళెం వంటింటి బల్ల మీద పెట్టాడు.

"ఎవరిచ్చారు?" అంది నెల్డా.

"హాకబీ వాళ్ళావిడ."

నెల్డా చెయ్యి తుడుచుకుంటున్నది ఆగింది. గుడ్డ తీసి చూసింది. పిండి అంచులు వేళ్ళతో వరసగా నొక్కి, ఎక్కడా చీలకుండా కాల్చిన పై. పప్పులు ఒక్కొక్కటే చుట్టూ అమర్చి ఉన్నాయి. తొందరలో చేసింది కాదు.

"చాకు ఇవ్వు," అన్నాడు వెర్లిన్.

ఆమె ఇవ్వలేదు. తనే సొరుగు లాగి తీసుకుని, నిలబడినచోటే ముక్క కోసుకుని, చేత్తోనే తిన్నాడు. నెల్డా కుర్చీలో కూర్చుని అతని దవడ కదలడం చూస్తోంది.

"బావుంది," అన్నాడు.

ఆమె పళ్ళెం మీది గుడ్డ మడతపెట్టింది. అతను ఇంకో ముక్క కోసుకున్నాడు.